మూడు పేర్ల నాణెం

గోదావరి లంకల్లో పుట్టి పెరిగినవాణ్ణి నేను. లంక అంటే మాకు ఏటి నడుమ తేలిన నేల. బొబ్బర్లంక, ఊబలంక, ఎదుర్లంక అని వూళ్ళ పేర్లు. లంక పొగాకు ఘాటు సరేసరి. చిన్నప్పుడు హనుమంతుడు లంకను తగలబెట్టాడని పురాణంలో విని, ఏటవతల మా మేనమామ పాక ఏమైపోయిందోనని ఏడ్చానట. మా అమ్మ యిప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

అందుచేత వేసవి సెలవుల్లో కొలంబో వెళ్ళినప్పుడు పరాయి దేశం వచ్చానన్న భావం నాకు కలగలేదు. మా ఆవిడకు మాత్రం అశోకవనం ఎప్పుడు చూస్తామా అన్న ఆత్రం. సీతమ్మవారి గుడి నువర ఎలియ దగ్గర కొండల్లో వుందనీ, రెండు రోజులు ఓపిక పట్టమనీ నచ్చజెప్పి, ముందు వూరు చూడడానికి బయలుదేరదీశాను.

మాకు కుదిరిన కారు డ్రైవరు డెబ్బై దాటిన పెద్దమనిషి, జాఫ్నా తమిళుడు. చెన్నైలో ఎం.ఏ. చదివిన రెండేళ్ళలో నాకు అబ్బిన కాస్త తమిళం యిన్నాళ్ళకు అక్కరకొచ్చింది. గాల్ ఫేస్ మైదానం దగ్గర సముద్రపు గాలికి నిలబడి ముగ్గురం టీ తాగాం. చిల్లరలో పది రూపాయల నాణెం ఒకటి వచ్చింది. దానిమీద దేశం పేరు మూడు లిపుల్లో వుంది. సింహళంలో శ్రీలంక, ఇంగ్లీషులోనూ శ్రీలంకే. తమిళంలో మాత్రం ‘ఇలంగై’ అని వుంది. ముందు ‘శ్రీ’ లేదు.

తెలుగు పాఠాలు చెప్పుకొనే వాడికి యిటువంటిది కంటబడితే యింక కాలు కదులుతుందా? పైగా అప్పుడే ఎదురుగా ఒక పాత మోరిస్ మైనరు వచ్చి ఆగింది. దాని నంబరు పలక మీద అంకెల మధ్య గుండ్రని అక్షరం ఒకటి. సింహళ అక్షరాలు మన వాటికి దూరపు చుట్టాల్లా వుంటాయి. కూడబలుక్కుని చదివితే, ‘శ్రీ’! ఉత్తరం తలకట్టున శ్రీకారం చుట్టకుండా ఒక్క ముక్కయినా రాయని యింట్లో పుట్టినవాణ్ణేమో, ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడను ఆ కారు పక్కన నిలబెట్టి ఫోటో తీశాను. డ్రైవరుగారిని కూడా రమ్మన్నాను. ఆయన రాలేదు.

“ఆ పలక పక్కన వద్దు సార్. యింకెక్కడైనా దిగుతాను” అన్నాడు.

కారులో కూర్చున్నాక ఆయనే చెప్పాడు. 1956లో సింహళం ఒక్కటే అధికారభాష అంటూ చట్టం వచ్చింది. 1957 నుంచి బండ్ల నంబర్లలో యీ సింహళ ‘శ్రీ’ పెట్టారు. మరుసటేడు ఉత్తరాదిని తమిళులు దాన్ని చెరిపి తమ లిపిలో ‘శ్రీ’ రాసుకున్నారు. దక్షిణాదిని కొందరు తమిళ బోర్డుల మీద తారు పూశారు.

“మా నాన్నకు యీ వూళ్ళోనే బట్టల కొట్టు వుండేది. నాకప్పుడు ఏడేళ్ళు. బోర్డు మీద తారు పడ్డ రోజు మా నాన్న కిరసనాయిలు గుడ్డతో రాత్రంతా తుడిచాడు. మే నెలాఖరుకు కొట్టే లేదు. ఓడెక్కి జాఫ్నా చేరాం. శ్రీ మీద మాకేం కోపం సార్? మా యింట్లోనూ లక్ష్మీదేవి పటం వుంది.”

నేనేమీ అనలేకపోయాను. మా ఆవిడకు తమిళం రాదు. అయినా ఏమన్నాడని అడగలేదు.

ఆ రాత్రి హోటల్లో నిద్ర పట్టక యీ దేశపు పేర్లన్నీ మనసులో వల్లె వేశాను. అశోకుడి శాసనాల్లో యిది తామ్రపర్ణి. గ్రీకుల నోట అది తప్రొబేన్ అయింది. మన నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటి తామ్రపర్ణి భిక్షువులను పేర్కొని, ‘సింహళ విహారం’ మాట కూడా చెబుతుంది. అంటే రెండు పేర్లూ కృష్ణ ఒడ్డున మనవాళ్ళకు తెలిసినవే. సింహళద్వీపం, పాళీలో సీహళదీపం, అరబ్బుల నోట సరందీబ్ అయింది. 1505లో వచ్చిన పోర్చుగీసువారి ఉచ్చారణ మీదుగా అదే సింహళ శబ్దం ఇంగ్లీషువాడి చేతిలో సిలోన్‌గా తేలింది. మా నాన్నగారి తరానికి సిలోన్ అంటే రేడియో, సినిమా పాటలు. 1972 మే 22న రిపబ్లిక్ అయినప్పుడు దొరలిచ్చిన పేరని దాన్ని వదిలి, శ్రీలంక అయ్యారు. నిజానికి అది దొరలది కాదు, వంకర తిరిగిన సింహళమే. టీ పొట్లాల మీదా, బ్యాంకు ఆఫ్ సిలోన్ బోర్డు మీదా యింకా బతికే వుంది.

వీటన్నిటికంటె నన్ను కుదిపింది మరొకటి. తమిళులు ఈ ద్వీపాన్ని ప్రాచీన కాలం నుంచీ ఈళం అంటారు. ఆ పేరుతో ప్రత్యేక దేశం కావాలని 1983 నుంచి 2009 దాకా యుద్ధం నడిచింది. మొదటి ‘స’కారం జారిపోయి, సీహళమే ఈళమైందని భాషావేత్తలు కొందరంటారు. వారి మాటే నిజమైతే, యిరువైపులా ప్రాణాలు పోయింది ఒకే మాటకు రెండు ఉచ్చారణల మధ్య. క్లాసులో వర్ణలోపం గురించి ఎన్నిసార్లు చెప్పానో! పిల్లలు ఆవులించేవారు, నేనూ తొందరగా ముగించేవాణ్ణి.

మర్నాడు కొండలెక్కాం. సీతమ్మవారి గుడి ముందు వాగు పక్కన డ్రైవరుగారు తనంతట తానే వచ్చి మా ఆవిడ పక్కన నిలబడ్డాడు. “యిప్పుడు తీయండి సార్” అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ ఫోటో కవర్లో పెట్టి, నాకొచ్చిన తమిళంలో చిరునామా రాశాను. చివర దేశం పేరు దగ్గర కలం కాస్త ఆగింది. ‘ఇలంగై’ అని రాశాను.

పోస్టాఫీసులో గుమాస్తా కవరు అటూ యిటూ తిప్పి, “యిదే దేశమండీ మాస్టారూ?” అన్నాడు. చెప్పాను. ఆయన తన కలంతో కింద ఇంగ్లీషులో శ్రీలంక అని రాసి, ముద్ర కొట్టి, సంచీలో వేశాడు.