తోడు సైకిలు

సైకిలూ, వాచీ, రేడియో - ఈ మూడింటి కోసం అలకపాన్పు ఎక్కిన అల్లుళ్ళు మా నాన్నగారి తరంలో బోలెడుమంది. ఇప్పటి అల్లుళ్ళు కారుకు తక్కువైతే అలగనే అలగరు. సైకిలు మాత్రం, పాపం, బడిపిల్లలకు మిగిలిపోయింది. అటువంటి సైకిళ్ళను యాభై దాటిన మేమిద్దరం మళ్ళీ ఎక్కి బాపులపాడు రోడ్లమీద ఊరేగుతూ వుంటే జనం నవ్వుకోవటంలో వింతేమీ లేదు. "ఏం మేష్టారూ, బండి రిపేరా?" అని పలకరించినవాళ్ళు ఎందరో!

బండి కాదండీ, కాలు రిపేరు.

సంగతేమిటంటే, ఆగస్టులో హైదరాబాదులో జరిగే మారథాను పరుగెత్తాలని నాకు బుద్ధి పుట్టింది. 2011లో మొదలైన పరుగు అది. మారథానంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఆ చిల్లర ఎక్కణ్ణించి వచ్చిందంటారా? 1908 లండను ఒలింపిక్సులో విండ్సరు కోట దగ్గర బయలుదేరి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందర ముగిసేట్టు కొలిచిన దూరమది. 1921లో దాన్నే ఖాయం చేశారు. రాజుగారి కుర్చీ పుణ్యమా అని లోకమంతా ఇప్పటికీ ఆ చిల్లర కూడా పరుగెత్తుతోంది.

"ఈ వయసులో ఇదేం పిచ్చి?" అని మా ఆవిడ అడగలేదు. ఆవిడకు తెలుసు. మా నాన్నగారు యాభైమూడో యేట గుండెపోటుతో పోయారు. ఈ యేడు నాకు యాభైమూడు.

ఏప్రిల్ దాకా అంతా సవ్యంగానే నడిచింది. ఆ తర్వాత ఎడమకాలికి, మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంది. డాక్టరుగారు వేలితో నొక్కి చూసి, "మూడు వారాలు పరుగు బందు. కావాలంటే సైకిలు తొక్కండి" అన్నారు. అందులో వున్న కిటుకు కూడా ఆయనే విప్పి చెప్పారు. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ కాలిమీద పడే తాకిడి మన బరువుకు రెండు మూడింతలు వుంటుందట. కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు. ఇక లెక్క మీరే వేసుకోండి. సైకిలుమీద మన బరువును సీటు మోస్తుంది. కాలు నేలను గుద్దదు. కాని గుండెకూ ఊపిరితిత్తులకూ మాత్రం పని తప్పదు. అంటే కాలికి సెలవు, గుండెకు బడి అన్నమాట!

ఈ మాట నా చిన్ననాటి స్నేహితుడి చెవిన వేశాను. వాడికి నూజివీడు వైపు మామిడితోట వుంది. వంట్లో చక్కెర జబ్బు కూడా వుంది. రోజూ నడవమని డాక్టర్లు చెప్పి ఎనిమిదేళ్ళయింది. "ఒక్కణ్ణీ చేతులూపుకుంటూ నడవటం నా వల్ల కాదురా బావా" అనేవాడు. కాని నా అవస్థ వినగానే, "నువ్వొక్కడివే హైవే పక్కన తొక్కితే మా చెల్లెమ్మ నన్ను బతకనివ్వదు. నేనూ వస్తా" అని, మేనల్లుడి సైకిలు దులిపి తెచ్చాడు.

మే నెల ఎండలు మీకు తెలియనివి కావు. అందుకని తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరేవాళ్ళం. హనుమాన్ జంక్షన్ దగ్గర నిలబడితే మా ఊరివాళ్ళకు రెండు లోకాలు కనిపిస్తాయి. గుడివాడ రోడ్డు పట్టుకుంటే పల్లం, వరిచేలు, అరచేతిలా చదునైన దారి. నూజివీడు రోడ్డు పట్టుకుంటే మెట్ట, ఎర్రనేల, మామిడితోటలు. దారి తెలిసీ తెలియనట్టు ఎక్కుతుంది. హైదరాబాదు మారథానులో ఫ్లైఓవర్ల ఎక్కుడు ఎక్కువని విని, వారానికి రెండుసార్లు నూజివీడు దారే పట్టాం. చిన్నరసాలు ఆ దారిలోనే దొరుకుతాయన్నది కేవలం యాదృచ్ఛికం.

మొదటి వారంలో ఒక రహస్యం తెలిసింది. ఒంటరిగా వున్నప్పుడు మనిషి తనతోనే పందెం వేసుకుంటాడు; మెల్లిగా వెళ్ళటం అవమానంగా తోస్తుంది. కాని ఎక్కువ రోజులు తేలిగ్గా, కొద్ది రోజులు గట్టిగా శ్రమిస్తేనే దూరాలకు ఓపిక వస్తుంది. "తేలిక" అంటే ఎంత? ఆయాసపడకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత. దానికి గడియారం కంటే స్నేహితుడు మేలు. మా వాడు కాయల రేట్లూ, కూతురి పెళ్ళి సంబంధాలూ ఏకరువు పెడుతూ వుంటే నేను జవాబు చెప్పాలి కదా! జవాబు తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. 1952 హెల్సింకి ఒలింపిక్సులో మారథాను గెలిచిన ఎమిల్ జటోపెక్ పరుగులో పక్కనున్న జిమ్ పీటర్స్‌ను పలకరించి, మన వేగం సరిపోతుందా అని అడిగాడని చెబుతారు. పీటర్స్ చివరిదాకా రాలేకపోయాడు. మాట్లాడగల ఊపిరి మిగిలినవాడే గెలిచాడు.

రెండు వారాలు గడిచాక ఒకనాడు మా స్నేహితుడి భార్య మజ్జిగ తెచ్చియిస్తూ, "అన్నయ్యగారూ, ఇలా అంటున్నానని ఏమీ అనుకోకండి. మీ కాలు అప్పుడే నయం కాకుండా వుంటే బాగుండునండీ" అన్నది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. నాకు తోడు వెళ్తున్నాననే మిషమీద వాడు పదిహేను రోజుల్లో ఒక్క పూట మానలేదు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ బతిమాలినా కానిది అది. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తానే లాగేసుకుంటుంది. ఇవన్నీ వాడికి తెలియనివి కావు. తెలియటం వేరు, పొద్దున్నే తలుపు తియ్యటం వేరు.

నా కాలు నయమైంది. అయినా సైకిలు మానలేదు. వారానికి మూడు రోజులు పరుగు, రెండు రోజులు వాడితో సైకిలు. పూర్తిగా సైకిలునే నమ్ముకుంటే కుదరదు. పిక్కలూ, ఎముకలూ నేల తాకిడికి అలవాటు పడటానికి పరుగు పరుగే. ఇంకొక మాట: సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. లేకపోతే ఎముక నొప్పి పోయి మోకాలి నొప్పి వస్తుంది.

ఆగస్టులో అయిదున్నర గంటల్లో పరుగు పూర్తిచేశాను. ముప్పైరెండు కిలోమీటర్లు దాటాక కాళ్ళు మొరాయించాయి. అక్కడికి సైకిలూ రాలేదు, స్నేహితుడూ రాలేదు. ఆఖరి పది కిలోమీటర్లు ఎవరివి వాళ్ళే పరుగెత్తాలి. కాని ఊపిరి మాత్రం తెగలేదు. పక్కన పరుగెత్తుతున్న కుర్రవాణ్ణి "ఏ ఊరు బాబూ?" అని అడగగలిగాను.

మా వాడు మాత్రలు మానలేదు. మోతాదు పెంచనక్కర్లేదని మాత్రం ఈసారి డాక్టరు అన్నారట. ఎవరు ఎవరికి తోడు వెళ్ళారో ఇప్పటికీ మాలో తేలలేదు, తేల్చుకోదలచుకోలేదు కూడా. ఈ వ్యాసం చదివి ఎవరైనా సైకిలు కొనబోతే నాదొక మనవి: ముందు ఉదయం అయిదింటికి మీ తలుపు తట్టే మనిషిని వెతుక్కోండి. సైకిలుదేముంది, ఏ మేనల్లుడి ఇంట్లోనో దుమ్ము కొట్టుకుని వుంటుంది.