మా అయ్య బండి లైట్లు

మా ఇంటి వెనక పనస చెట్టు కింద ఒక బండి పదకొండేళ్లు కదలకుండా నిలబడి ఉండేది. మహీంద్రా జీపు పికప్. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే సీటు, వెనక ఇనుప తొట్టి. ఆర్.సి.లో 1983 అని ఉంది. మా అయ్య మొదట దానికి డ్రైవరు. మైదానం నుంచి వచ్చిన షావుకారు ఒకాయన దాని మీద సంతలకి సరుకు తిప్పేవాడు. ఆయనకి కొత్త వ్యాను వచ్చాక ఇది బరువైంది. 1996లో మా అయ్య జీతంలో కోత పెట్టించుకుని దాన్ని కొనుక్కున్నాడు. అప్పటి నుంచి 2011 దాకా పాడేరు చుట్టుపక్కల సంతలన్నీ ఆ బండి చూసింది. పసుపు, మిరియాలు, రాజ్మా, వలిసెలు, కాఫీ గింజలు, మేకలు, పెళ్లివారు, పాము కరిచినవాళ్లు, అందరూ అన్నీ ఆ తొట్టిలోనే.

తర్వాత ఆటోలు వచ్చాయి, బొలేరోలు వచ్చాయి. అయ్య మోకాళ్లు నొప్పన్నాడు. బండి చెట్టు కింద చేరింది. సీటు కింద కోళ్లు పొదిగాయి, బానెట్టులో ఎలుకలు కాపురం పెట్టాయి.

నేను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేశాను. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకి వైరింగు చేస్తాను. నాలుగు డబ్బులు వచ్చాక బండిని బాగు చేయిద్దామని అన్నయ్యా నేనూ అనుకున్నాం. 2022 వానాకాలం వెళ్లాక ఇంజను, బ్రేకులు చేయించాం. నర్సీపట్నంలో టింకరింగు, పెయింటు. ముదురాకుపచ్చ రంగు. ఊళ్లోకి తెచ్చిన రోజు పిల్లలు వెనకాల పరుగెత్తారు. ఇప్పుడు ఇలాంటివాటిని వింటేజ్ అంటున్నారు గానీ, ప్రభుత్వం లెక్కలో ఆ పేరు రావాలంటే 50 ఏళ్లు దాటాలి. ఆ లెక్కన మాది ఇంకా కుర్రదే.

వైరింగు మాత్రం నేనే చేస్తానన్నాను. ఎలక్ట్రీషియన్ని ఇంట్లో పెట్టుకుని బయటివాడికి డబ్బులివ్వడమేంటి? ఎలుకలు కొరికిన వైర్లు తీసేశాను. మిగిలినవాటికి అతుకులు వేసి, అన్నీ కలిపి నల్ల టేపు చుట్టాను. పాత వైర్లకి అయ్య ఎక్కడికక్కడ దారాలు కట్టి ఉంచాడు, మసిపట్టిన దారాలు. చాలావరకు కోసేశాను. ఇంజను గది నుంచి లోపలికి వైర్లు వచ్చే రేకు కన్నంలో సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కుక్కి ఉంది, జిడ్డోడుతూ. అదీ పీకి పారేశాను. శుభ్రం చేస్తున్నానన్నమాట.

మొదటి రాత్రే లైట్లు మందంగా అనిపించాయి. బల్బులు కొత్తవే, బ్యాటరీ కొత్తదే. "పాతికేళ్ల కింద ఇంతకన్నా బాగుండేవిరా" అన్నాడు అయ్య. వయసు మీద పడితే అలాగే కనబడుతుందిలే అనుకున్నాను. పైకి అనలేదు, అదొక్కటే నయం.

డిసెంబరులో ఒక రాత్రి వదినకి నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండడానికి ఇంకా పది రోజులుంది. ఫోను చేద్దామంటే మా ఊళ్లో సిగ్నలు గుట్టెక్కితేనే. తొట్టిలో గడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి వదినని పడుకోబెట్టాం. పక్కన అమ్మ, మేనత్త. అయ్య స్టీరింగు పట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు. మంచు కమ్మేసింది. పాడేరు దారిలో మూడో మలుపు తిరుగుతుంటే లైట్లన్నీ ఒక్కసారి పోయాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ బండి పాత డీజిలు బండి. డీజిలు ఇంజనుకి స్పార్కు అక్కర్లేదు. దాని పంపు ఇంజను తిరుగుడుతోనే ఆడుతుంది. కరెంటు మొత్తం పోయినా ఇంజను ఆగదు. అంటే మాకు కన్ను పోయింది, కాలు ఆగలేదు. ఎడమ పక్క లోయ. అయ్య బ్రేకు తొక్కిన చప్పుడు, వెనక నుంచి వదిన అరుపు, ఆ రెండే నాకు గుర్తు.

ఫ్యూజు పోయింది. ఇంకోటి వేశాను, వేసిన క్షణంలోనే అదీ పోయింది. లైట్లన్నిటికీ ఆ ఒక్క ఫ్యూజే. అన్నయ్య సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టెయ్యమన్నాడు. అయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎక్కడో బాడీకి తగులుతోందిరా. కాగితం సుడితే వైరే కాలతాది. ఎనక గడ్డి ఉంది." తర్వాత సెల్లు లైటు వెలుగులో హారను వైరు పీకి, దాంతో బ్యాటరీ నుంచి కుడి లైటుకి నేరుగా కలిపేశాడు. ఫ్యూజు లేదు, స్విచ్చి లేదు. అలా చెయ్యకూడదు, ఎవరూ చెయ్యొద్దు. ఆ రాత్రికి మాత్రం మాకు అదే దిక్కయింది. ఒంటి కన్నుతో, ఎడమ పక్క అన్నయ్య టార్చి పట్టుకుని నడుస్తుంటే, రెండో గేరులో పాడేరు ఆసుపత్రి చేరాం. తెల్లారకముందే ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

ఆసుపత్రి అరుగు మీద టీ తాగుతూ అయ్య అన్నాడు: "బండికి రంగేసినాం గానీ కళ్లు పీకేసినాం." నన్నన్నట్టే ఉంది. నన్నే అన్నాడు.

ఊరికొచ్చి టేపంతా విప్పాను. రేకు కన్నం అంచుకి వైరు రాసుకుని రాసుకుని తోలు ఊడి, లోపలి రాగి రేకుకి తగులుతోంది. సరిగ్గా ఆ సైకిల్ ట్యూబు ఉన్నచోటే. నేను మురికనుకున్నది ఆ వైరుని పదిహేనేళ్లు కాపాడింది. పైగా నేను వేసినవి ఇళ్లకి వాడే వైర్లు. గోడలో వైరు కదలదు. బండిలో ప్రతి వైరూ రోజంతా ఊగుతుంది. పోచలు సన్నగా, ఎక్కువగా ఉండే ఆటో వైరే దానికి తట్టుకుంటుంది. రెండేళ్ల ట్రేడులో ఈ తేడా నా బుర్రకి ఎక్కలేదు.

మందపు లైట్ల సంగతి తేల్చడానికి మల్టీమీటరు తీశాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు. బల్బు దగ్గర 10.8. దారిలో 2.8 వోల్టులు మాయం. ఎక్కడ పోతున్నాయో తెలియాలంటే లైటు వెలుగుతుండగానే చూడాలి. మీటరు ఒక కొస బ్యాటరీ మైనసు మీద, ఇంకో కొస బల్బు ఎర్తు మీద పెట్టాను. సున్నాకి దగ్గరగా ఉండాల్సింది 1.3 చూపించింది. మిగిలిన ఒకటిన్నర పాత స్విచ్చిలోనూ, కాలితో తొక్కే డిమ్మరు స్విచ్చిలోనూ, నా అతుకుల్లోనూ పోతోంది.

ఇంట్లో కరెంటుకి పోయే వైరు, వచ్చే వైరు రెండూ ఉంటాయి. బండిలో పోయే వైరు ఒక్కటే. తిరిగొచ్చే దారి బండి ఇనుమే. లైటు బిగించిన బోల్టు నుంచి రేకులోకి, రేకు నుంచి చాసిస్‌లోకి, అక్కడి నుంచి బ్యాటరీ మైనసుకి. మేం చేయించిన చక్కటి ఆకుపచ్చ రంగు ఆ బోల్టుల కింద కూడా పడింది. రంగు కరెంటుని పోనివ్వదు. అయ్య కళ్లు బాగానే ఉన్నాయి. బల్బు వెలుగు వోల్టుతో సమానంగా తగ్గదు, చాలా ఎక్కువగా తగ్గుతుంది. 13.6కి బదులు 10.8 అందితే సగం వెలుగు కూడా రాదు.

ఈసారి పని నెమ్మదిగా చేశాను. అయ్య పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ముందు ఎర్తు. బోల్టుల కింద రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, లగ్గు బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాం. దానితో సరిపెట్టకుండా రెండు లైట్ల నుంచీ బ్యాటరీ మైనసుకి వేరే ఎర్తు వైరు లాగాం.

తర్వాత రిలేలు. రెండు 55 వాట్ల బల్బులంటే 110 వాట్లు. 12తో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. అంత కరెంటు నలభై ఏళ్ల స్విచ్చి గుండా పోతే స్విచ్చి వేడెక్కుతుంది, వెలుగు తగ్గుతుంది. రిలే పెడితే స్విచ్చి గుండా ఆంపియరులో ఐదో వంతు కూడా పోదు. ఆ కొద్దిపాటి కరెంటు రిలేలోని చుట్టని అయస్కాంతం చేస్తుంది, అది లోపలి మీటని లాగుతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో బల్బుకి పోతుంది. రిలే కాళ్ల మీద అంకెలుంటాయి. 85, 86 చుట్టవి. 30కి బ్యాటరీ, 87కి బల్బు. దూరపు లైటుకి ఒకటి, దగ్గర లైటుకి ఒకటి, రెండు రిలేలు పెట్టాను. బ్యాటరీ నుంచి రిలేకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, అక్కడి నుంచి బల్బులకి రెండున్నర. బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల పెద్ద ఫ్యూజు. కుడి లైటుకీ ఎడమ లైటుకీ వేరువేరుగా 10 ఆంపియర్ల ఫ్యూజులు. ఒకటి పోయినా రెండోది బతికుంటుంది. ఆ రాత్రి తర్వాత నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. పాత స్విచ్చి, పాత డిమ్మరు అలాగే ఉంచాం. చూసేవాళ్లకి బండి 1983దే.

ఎల్.ఇ.డి. గురించి అయ్యకీ నాకూ నాలుగు రోజులు పేచీ. నేను హెడ్‌లైటులో పెట్టే ఎల్.ఇ.డి. బల్బులు తెచ్చాను. పెట్టగానే తెల్లగా, ఊరంతా పట్టపగలు. నేను గెలిచాననుకున్నాను. ఆ రాత్రి మంచులోకి తీసుకెళితే ముందర తెల్ల దుప్పటి కట్టినట్టయింది. ఎదురుగా బైకు మీద వస్తున్నతను కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగిపోయాడు. మా గుండ్రటి లైటు లోపలి అద్దం ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్క కట్టి చేసింది. ఎల్.ఇ.డి. చిప్పులు సరిగ్గా ఆ చోట కూర్చోకపోతే వెలుగు దారి మీద పడకుండా చెట్ల మీదా, జనం కళ్ల మీదా పడుతుంది. "సంత అయిపోయినాక జనం తలమీద మూటతో నడిసొస్తారు. ఆళ్ల కళ్లలో కొడితే లోయలోకి దిగిపోరా?" అన్నాడు అయ్య. బల్బులు వెనక్కి ఇచ్చేసి హెచ్ 4 హాలోజన్లే వేశాం.

కానీ వెనక లైట్లు, నంబరు ప్లేటు లైటు, పక్క సిగ్నళ్లు, తొట్టిలో ఒక దీపం, ఇవన్నీ ఎల్.ఇ.డి.లే. అక్కడ అయ్య ఏమీ అనలేదు. సిగ్నళ్లు మాత్రం మొదట వెలిగి అలాగే ఉండిపోయాయి, మిణకరించలేదు. పాత ఫ్లాషరు కరెంటు వేడికి పనిచేసేది. ఎల్.ఇ.డి. తాగే కొద్దిపాటి కరెంటుకి అది వేడెక్కదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేస్తే సరిపోయింది. మంచు కోసం బంపరు కింద రెండు పసుపు లైట్లు కూడా పెట్టాం. పసుపు రంగు మంచుని చీల్చుకుపోతుందని అందరూ అంటారు, నేనూ అనేవాణ్ని. మంచు బిందువులు పెద్దవి, ఏ రంగునైనా ఒకేలా చెదరగొడతాయి. పసుపు కంటికి కాస్త హాయి, అంతే. అసలు పని చేసేది లైటు కిందికి ఉండడం, వెలుగు పైకి లేవకుండా నేలబారుగా పడడం.

సామాన్లన్నిటికీ కలిపి నాలుగు వేలు దాటలేదు. ఇప్పుడు బల్బు దగ్గర 13.2 చూపిస్తోంది. రేకు కన్నానికి కొత్త రబ్బరు బుష్షు కొన్నాను. మర్నాడు చూస్తే దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. నేను తియ్యలేదు.

పక్క ఊరి ఆశ్రమ పాఠశాలలో సైన్సు మాస్టారికి ఈ సంగతి తెలిసి, పదో తరగతిలో విద్యుత్తు పాఠం చెప్పేటప్పుడు బండి తెమ్మన్నారు. అయ్యా నేనూ వెళ్లాం. పిల్లలు తలో చెయ్యీ వేసి మల్టీమీటరుతో కొలిచారు. ఒక అబ్బాయి, బండి ఒళ్లంతా కరెంటు తిరుగుతుంటే మనకి షాకు కొట్టదేమని అడిగాడు. పన్నెండు వోల్టులు పొడి చర్మాన్ని దాటి లోపలికి తొయ్యలేవని మాస్టారు చెప్పారు.

నేను ప్రతి వైరుకీ నంబరు రాసిన తెల్ల కాగితం అంటించి పైన పారదర్శక టేపు వేశాను. ఒక అమ్మాయి బానెట్టులోకి వంగి, "నంబర్లున్నాయి కదా, మళ్లీ ఈ దారాలెందుకు?" అంది. అప్పటిదాకా నేను చూడలేదు. ప్రతి కాగితం పక్కనా కొత్త దారం, దానికి ముడులు. ఎప్పుడు కట్టాడో. నేను అయ్య వైపు చూశాను.

"సీకట్లో నంబరు కనబడదు కదమ్మా. సేతికి తగలాలి" అన్నాడు అయ్య.

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని వైర్ల మీద వేళ్లు పెట్టి ఒక్కొక్క ముడీ తడిమింది. "ఒకటి... ఇది లైటు. ఇక్కడ రెండున్నాయి."

"రెండైతే హారను" అన్నాడు అయ్య. కిటికీలోంచి చెయ్యి పెట్టి హారను నొక్కాడు. పిల్లలందరూ ఉలిక్కిపడి నవ్వారు.