కొక్కెం ఉన్న కర్ర

మా హాస్టల్‌లో చెస్ బోర్డు ఎప్పుడు తీసినా ఒక గొడవ గ్యారంటీ. ఐమూలగా నడిచే పావును నేను ఒంటె అంటాను, నెల్లూరు నుంచి వచ్చినవాడు శకటు అంటాడు, ఫోన్లో ఆడేవాళ్లందరికీ అది బిషప్. దాని తలమీద ఏటవాలుగా ఒక గంటు ఉంటుంది చూడండి, అది బిషప్ పెట్టుకునే టోపీలోని చీలికట. ఆ లెక్కన పావుకి ఒక లోటుంది: చేతిలో కర్ర లేదు. ఒకప్పుడు ఉండేది. 1831లో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో పాత చదరంగపు పావులు కుప్పగా దొరికాయి. 12వ శతాబ్దం నాటివి, వాల్రస్ దంతంతో చెక్కినవి. వాటిలో బిషప్‌లే 16 మంది. గుండ్రటి కళ్లేసుకుని, పైన చుట్ట తిరిగిన కర్ర పట్టుకుని, ఎగ్జామ్ హాల్లో ఇన్విజిలేటర్లలా సీరియస్‌గా ఉంటారు. ఫోటోలు వెతికి చూడండి, నవ్వొస్తుంది.

ఈ కర్రని ఇంగ్లీషులో క్రోజియర్ అంటారు. సిలువ అనే అర్థమున్న క్రాస్ నుంచి ఆ పేరొచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ కాదు, దాని మూలం కొక్కెం కర్రకు సంబంధించిన పాత ఫ్రెంచి మాట. మావాళ్లు కాపరి కర్ర అంటారు, కొందరు దండం అంటారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: బిషప్ అంటే ఒక ప్రాంతంలోని చర్చిలన్నిటికీ పెద్ద. ఆ ప్రాంతాన్ని డయాసిస్ అంటారు. ఆయన్ని అభిషేకించే రోజున ఈ కర్ర చేతికిస్తారు. ఎడమ చేత్తో పట్టుకుంటారు, ఎందుకంటే కుడి చెయ్యి దీవించడానికి ఖాళీగా ఉండాలి. వంపు జనం వైపు తిరిగి ఉండాలి. కథోలిక పద్ధతిలో అయితే బిషప్ దీన్ని తన డయాసిస్‌లోనే వాడతారు, ఇంకొకరి ప్రాంతానికి వెళ్తే అక్కడి బిషప్ ఒప్పుకోవాలి. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఎవరి తలమీదైనా చేతులుంచి ప్రార్థించేటప్పుడు కర్రని పక్కవాళ్లకి ఇచ్చేయాలి. కర్రా, తలమీద చెయ్యీ రెండూ ఒకేసారి కుదరవు.

మధ్యయుగాల వాళ్లు దీనికి ఒక లెక్క చెప్పారు. పైన వంపు దారి తప్పినవాళ్లని దగ్గరికి లాగడానికి, మధ్యలో నిటారు భాగం నడిపించడానికి, కింద మొన బద్ధకస్తుల్ని పొడవడానికి. ఒకే కర్రలో మూడు టూల్స్ అన్నమాట. మూడో దాన్ని మన డిపార్ట్‌మెంట్లలో కూడా ప్రవేశపెట్టొచ్చు.

మా తాత గొర్రెల్ని కాసినవాడు. ఆయన దగ్గరా కొక్కెం ఉన్న పొడుగు కర్ర ఒకటుండేది, దోటి. కానీ దాని కొక్కెం గొర్రె కోసం కాదు, తుమ్మ కొమ్మ కోసం. ఎండాకాలం నేలమీద గడ్డి లేనప్పుడు కొమ్మ వంచి, ఆకులు మంద ముందు రాల్చేవాడు. గొర్రెను పట్టాలంటే వెనక కాలు దొరకబుచ్చుకోవడమే, అదీ చేత్తోనే. యూరప్ కాపరి కొక్కెంతో గొర్రెని లాగుతాడు, మా తాత కొక్కెంతో మేతని కిందికి లాగేవాడు. రెండూ కాపరి కర్రలే. క్రైస్తవం మన దేశంలో పుట్టి ఉంటే బిషప్ చేతిలో దోటి ఉండేదేమో అని నాకో ఊహ.

బైబిల్లో 23వ కీర్తనలో కూడా ఒకటి కాదు, రెండు కర్రలున్నాయి: దుడ్డుకర్ర, దండం. మొదటిది మృగాల్ని తరమడానికి, రెండోది ఆనుకోవడానికి. గమనించండి, గొర్రెని కొట్టడానికి ఒక్కటీ లేదు. యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం అయితే కాపరుల మీద పెట్టిన ఛార్జిషీటులా ఉంటుంది. కొవ్వు తిన్నారు, ఉన్ని కట్టుకున్నారు, తప్పిపోయినదాన్ని మాత్రం వెతకలేదు అని. కర్ర పట్టుకున్న ప్రతివాడూ ఆ అధ్యాయాన్ని మింగాల్సిందే.

అందరూ మింగారా అంటే, చరిత్ర అలా లేదు. 633లో స్పెయిన్‌లోని టొలేడోలో జరిగిన చర్చి సభ నాటికే కర్ర బిషప్ పదవికి గుర్తు. పదవితోపాటు భూములూ రాబడీ కూడా వస్తుంటే రాజులు ఊరుకుంటారా? కొత్త బిషప్‌కి ఉంగరమూ కర్రా మేమే ఇస్తామన్నారు. కుదరదన్నాడు పోప్ ఏడవ గ్రెగరీ. జర్మనీ రాజు నాలుగవ హెన్రీ వినలేదు. పోప్ ఆయన్ని వెలివేశాడు. చివరికి 1077 జనవరిలో ఆ రాజు ఇటలీలోని కనోసా కోట బయట మూడు రోజులు మంచులో నిలబడి క్షమాపణ అడిగాడు. అయినా గొడవ తెగలేదు. 1122లో వర్మ్స్ నగరంలో ఒప్పందం కుదిరింది: ఉంగరం, కర్ర చర్చి ఇస్తుంది, భూముల అధికారానికి గుర్తుగా రాజు రాజదండం ఇస్తాడు. అంటే ఒకే మనిషికి రెండు కర్రలు, రెండు వేర్వేరు చేతుల నుంచి. గొర్రెల సంగతి ఆ తగాదాలో ఎవరైనా ఎత్తారో లేదో మరి.

తూర్పు చర్చిల కర్ర వేరుగా ఉంటుంది. మా రూమ్మేట్‌ది కొట్టాయం, వాళ్ల బిషప్ కర్రమీద రెండు పాము తలలు ఎదురెదురుగా ఉంటాయి. మోషే ఎడారిలో ఎత్తిన ఇత్తడి పాముకి గుర్తని కొందరంటారు, పాముల్లా వివేకంగా ఉండమన్న మాటకి గుర్తని కొందరు. పోప్ కర్రకి కొక్కెమే ఉండదు, పైన సిలువ ఉంటుంది. రెండవ జాన్ పాల్ చివరి ఏళ్లలో పార్కిన్సన్స్‌తో వణుకుతూ ఆ కర్రకి నుదురు ఆనించి నిలబడిన ఫోటోలున్నాయి. అన్ని చిహ్నాల కింద అది మామూలు ఊతకర్ర అని నాకు అర్థమైంది అక్కడే. 2013లో పోప్ ఫ్రాన్సిస్ పాదిరుల్ని ఉద్దేశించి, కాపరి దగ్గర గొర్రెల వాసన రావాలన్నారు. మా తాత గొంగడి వాసన తెలిసినవాణ్ణి గనక, అదెంత కష్టమైన షరతో నేను చెప్పగలను.

మన వైపు ఈ కర్ర ఎవరి చేతికి వెళ్లిందన్నదీ చిన్న విషయం కాదు. 1912 దాకా ఆంగ్లికన్ చర్చిలో భారతీయ బిషప్పే లేరు. ఆ ఏడాది డిసెంబర్‌లో కలకత్తాలో అజరయ్య గారిని అభిషేకించి మన డోర్నకల్‌కి పంపారు. తమిళుడాయన, ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. 2013లో పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని గారు దళితుల్లో మొదటి కార్డినల్ అయ్యారు. ఒకప్పుడు చక్రవర్తి ఇస్తానని పట్టుబట్టిన కర్ర ఇది, మర్చిపోకండి.

ఇక మా ఇంటి సంగతి. నానమ్మ చనిపోయిన రోజు, చందా బాకీ కట్టందే సమాధికి స్థలం చూపించమన్నారు ఊళ్లో పెద్దలు. ఎవరన్నది ఇక్కడ అనవసరం. నాన్న అప్పు చేసి కట్టాడు, ఆ తర్వాత గుడి మెట్టెక్కలేదు. (మావాళ్లు చర్చిని గుడి అనే అంటారు.) ఆరేళ్లు. ఎందుకు రావట్లేదని ఒక్కళ్లు కూడా వచ్చి అడగలేదు. నాన్నకి అసలు బాకీ కన్నా అదే ఎక్కువ కాలింది.

ఆరో ఏడు నా కన్ఫర్మేషన్. పిల్లలు పెద్దయ్యాక తమ నోటితో విశ్వాసం ఒప్పుకుంటే బిషప్ తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు, అదీ కార్యక్రమం. ఆ రోజు ఆయన నడుస్తుంటే కర్ర పైభాగం కొద్దిగా ఊగుతోంది. దూరప్రయాణాలకి వీలుగా దాన్ని మూడు ముక్కలుగా విప్పి పెట్టెలో పెడతారు, థ్రెడ్ అరిగితే అంతే మరి. ఆరాధన అయ్యాక తాత నేరుగా వెళ్లి అడిగాడు: "అయ్యగారూ, ఈ కర్రతోని గొర్రెను ఎట్ల పడతరు?"

బిషప్పుగారు నవ్వారు. "మీరెట్ల పడతరో చెప్పండి పెద్దాయనా" అన్నారు.

"మేము ఎనక కాలు వడతం. మావోడు మంద ఇడిసి ఆరేండ్లాయె, వాని కాలే దొర్కుత లేదు."

"ఏం చేస్తాడు?"

"లేత్ మిషను."

మధ్యాహ్నం మూడింటికి కారు మా షెడ్డు ముందు ఆగింది. బిషప్పుగారు మామూలు తెల్ల చొక్కాతో దిగి, పెట్టె తెరిచి, "పైముక్క ఊగుతోందయ్యా, చూస్తావా?" అన్నారు. నాన్న నిలబడి ఆయన్ని ఒక నిమిషం చూశాడు. తర్వాత ముక్కలు తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. థ్రెడ్ శుభ్రం చేసి, కొత్తగా చిన్న ఇత్తడి బుష్ తిప్పి కూర్చోబెట్టాడు. గంట పట్టింది. ఆ గంటా బిషప్పుగారు స్టూల్ మీద కూర్చుని టీ తాగారు. వానల గురించి, కరెంటు గురించి మాట్లాడారు. లేస్తూ నానమ్మ పేరు అడిగారు. గుడి ఊసెత్తలేదు. ఎంత అన్నారు. నాన్న ఇరవై రూపాయలన్నాడు, తీసుకున్నాడు కూడా. బిషప్ దగ్గర డబ్బులు తీసుకుంటావా అని తాత వారం రోజులు మాట్లాడలేదు.

నాన్న తర్వాతి ఆదివారం గుడికెళ్లలేదు. క్రిస్మస్‌కీ వెళ్లలేదు. కానీ బిషప్పుగారు వస్తున్నారని తెలిస్తే చాలు, నన్ను పక్కకి పిలిచి, "ఆ పైముక్క ఊగుతుందేమో జర చూసిరా" అంటాడు. పోయిన సెలవుల్లో, చూడాలంటే నువ్వే రావచ్చు కదా అన్నాను. చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "ఎన్నింటికి?" అన్నాడు.