మౌంట్ రోడ్డులో సినిమా కట్టుకున్న ఇల్లు

ఒకప్పటి మౌంట్ రోడ్డే నేటి చెన్నై అన్నాసాలై. అక్కడి హెడ్ పోస్టాఫీసు ఆవరణలో ఒక పాత కట్టడం ఉంది. తపాలా బిళ్లలు సేకరించేవాళ్లకు ఆ చోటు బాగా తెలుసు. కొత్త స్టాంపు విడుదలైతే వచ్చి కొనుక్కుంటారు. ఆ గోడల మధ్యే 1913లో మద్రాసు జనం చీకట్లో కూర్చుని కదిలే బొమ్మలు చూశారు. అప్పుడు దాని పేరు ఎలక్ట్రిక్ థియేటర్. వార్విక్ మేజర్ అనే దొర దాన్ని కట్టించాడు. ఆ నగరంలో సినిమా కోసమే పుట్టి నేటికీ నిలిచి ఉన్న తొలినాటి హాలు అదే.

అప్పటిదాకా సినిమాది సంచార జీవితం. డేరా వేసిన చోట ఆట, డేరా ఎత్తేస్తే మరో ఊరు. యంత్రం, తెర, రీళ్ల పెట్టెలు బండెక్కి తిరిగేవి. అలాంటి వింతకు ఇటుకా సున్నంతో హాలు కట్టాలంటే గుండె ధైర్యం కావాలి. రేపు కూడా జనం వస్తారన్న నమ్మకం కావాలి. పాత సినిమా హాలు ఎక్కడ కనిపించినా నేను ముందు తలుచుకునేది ఆ నమ్మకాన్నే.

ఆ నమ్మకం మన తెలుగువాడికి ఒకరికి మెండుగా ఉండేది. మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసు చేరి ఫొటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్నారు. నిలకడగా సాగుతున్న ఫొటో స్టూడియోను తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ కొన్నారు. తెర మీద బొమ్మకు జోడుగా గ్రామఫోను పళ్లెం నుంచి పాట వినిపించే యంత్రం అది. దాన్ని వెంటబెట్టుకుని మన ఊళ్లే కాదు, బర్మా, సింహళం కూడా తిరిగారు. తిరిగొచ్చి, 1914లో మౌంట్ రోడ్డు పక్కనే గెయిటీ థియేటర్ కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన తొలి సినిమా హాలు అది. తరవాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ వెలిశాయి. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య కోసం విదేశాలకు పంపారు. ఆ తండ్రీకొడుకుల కృషితోనే 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీ వచ్చింది. మన సినిమా చరిత్రలో ముందు హాలు, ఆ వెనకే చిత్రం. చూసే చోటు కుదిరాకే తీసే సాహసం పుట్టింది.

ఆ రోజుల్లో హాలు నడపడం చిన్న పని కాదు. నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది. అందుకే ప్రొజెక్టరు గదికి అంత జాగ్రత్త. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం చిత్రాల సెన్సారుతో పాటు హాళ్ల లైసెన్సులనూ పట్టించుకుంది. బొమ్మకు మాట లేదు కనుక హాల్లో వాద్యం మోగాలి. కథ అందని వాళ్లకు ఒకరు నిలబడి చెప్పాలి. అన్ని కులాలవాళ్లూ టిక్కెట్టు కొని ఒకే కప్పు కింద కూర్చున్న చోటు అది. నేలకు, బెంచీకి, కుర్చీకి రేట్లు వేరు కావచ్చు. తెర మాత్రం అందరికీ ఒకటే. మన సమాజంలో ఇది చిన్న మార్పు కాదు.

ఎలక్ట్రిక్ థియేటర్ మాత్రం ఎక్కువ కాలం ఆడలేదు. 1915లో తపాలా శాఖ ఆ హాలును కొన్నది. ఆ అమ్మకమే దాన్ని బతికించింది. ప్రభుత్వ ఆస్తి అయింది గనక స్థలం ధర చూసి ఎవరూ కూల్చలేదు. సినిమాలాడుతూనే ఉన్న గెయిటీకి ఆ రక్ష లేకపోయింది. టీవీ, వీడియో వచ్చి పెద్ద హాళ్లు నిండడం తగ్గింది. సీట్లు ఖాళీ అయ్యేకొద్దీ కింది నేల ధర పెరిగింది. తొంభై ఏళ్ల చరిత్ర కళ్లముందే కూలిపోయింది. వెంకయ్య పేరిట ప్రభుత్వ పురస్కారం ఉంది. ఆయన కట్టిన గెయిటీ లేదు.

బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతి హాలు కట్టించిన నాటి నుంచి మన ఊళ్లలో ఎన్నో టాకీసులు వెలిశాయి. ఒక్కోటీ గోదాముగానో, కల్యాణమండపంగానో, అపార్టుమెంటుగానో మారిపోతోంది. అన్నిటినీ సినిమా హాళ్లుగానే నిలపలేం. కానీ కట్టడాన్ని నిలుపుతూ వాడకాన్ని మార్చవచ్చని ఆ పోస్టాఫీసు శతాబ్దం పైగా రుజువు చేస్తోంది. గ్రంథాలయం చేయండి, మ్యూజియం చేయండి, బడి చేయండి, గోడలు ఉండనివ్వండి. అదీ కుదరకపోతే, కూల్చేలోగా మీ ఊరి హాలును ఫొటో తీయండి. కట్టిన సంవత్సరం, కట్టించినవారి పేరు రాసిపెట్టండి. రీళ్లు తిప్పిన ఆపరేటర్ బతికుంటే వెళ్లి ఆయన మాటలు రికార్డు చేయండి. ఈ పని ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు.