కంప్యూటర్‌లో పాడింది, కారులో పాడదేం?

"ఇంట్లో కంప్యూటర్‌లో శుభ్రంగా పాడుతోందండీ, కారులో పెడితేనే డిస్క్ లేదంటోంది." విజయవాడ ఆటోనగర్‌లో కారు స్టీరియోలు బిగించి, విప్పి, బాగుచేసి బతికినవాణ్ణి నేను. 2000 దాటాక పదేళ్ల పాటు నా చెవిన ఎక్కువగా పడిన మాట ఇదే. క్యాసెట్ రోజుల్లో టేపు నమిలేసిందనో, హెడ్డు మాసిందనో వచ్చేవాళ్లు. సీడీలు వచ్చాక గొడవ మారింది. కొన్న సీడీ పాడుతుంది, రాయించుకున్న సీడీ పాడదు. అలా వచ్చినవాళ్లలో చాలామందికి అప్పటికే ఎవరో ఒకరు లెన్సు పోయింది, కొత్త సెట్టు వేయించుకో అని చెప్పి ఉండేవారు. విప్పి చూస్తే ఎక్కువ సెట్లు బాగానే ఉండేవి. లోపమంతా సీడీ రాసిన పద్ధతిలో ఉండేది. బాగున్న సెట్టును పారేయించడం నాకు ఏనాడూ మనసొప్పలేదు.

కంపెనీ సీడీ, మనం రాసుకున్న సీడీ కంటికి ఒక్కలాగే ఉంటాయి. కానీ కంపెనీ సీడీలో పాట సన్నటి గుంటలుగా ప్లాస్టిక్‌లోనే అచ్చు పడి ఉంటుంది, దాని మీద అల్యూమినియం పూత వేస్తారు. మనం రాసుకునే సీడీ-ఆర్‌లో ఆ గుంటలు ఉండవు, ఒక రంగు పూత ఉంటుంది. రైటర్‌లోని లేజర్ ఆ రంగును అక్కడక్కడ కాలుస్తుంది. కాలిన చోటి నుంచీ కాలని చోటి నుంచీ వెనక్కి వచ్చే వెలుతురులోని తేడాను కారు సెట్టు పట్టుకోవాలి. అచ్చు పుస్తకం ఎవరైనా చదువుతారు. చేతిరాత చదవాలంటే రాసినవాడి చెయ్యీ బాగుండాలి, చదివేవాడి కన్నూ బాగుండాలి. కంప్యూటర్ డ్రైవ్‌ను రాయడానికీ చదవడానికీ తయారుచేశారు. ఒకసారి అందకపోతే వేగం తగ్గించుకుని మళ్లీ మళ్లీ చదువుతుంది. పాట ఆగకుండా నడిపించాల్సిన కారు సెట్టుకు అంత వ్యవధి ఉండదు. అందుకే కంప్యూటర్‌లో పాడిందన్న మాటను నేను సాక్ష్యంగా తీసుకోను.

చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూతో ఇంకా కష్టం. కంపెనీ సీడీ తన మీద పడిన లేజర్ వెలుతురులో 70 శాతమో అంతకు మించో వెనక్కి పంపిస్తుంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ 15 నుంచి 25 శాతం మాత్రమే పంపిస్తుంది. పాత సెట్లకు అది చాలదు, లెన్సు ఎన్నిసార్లు తుడిచినా ప్రయోజనం ఉండదు.

తిరుపతికి ట్యాక్సీ తిప్పే కుర్రాడొకడు ఓ సాయంత్రం కొట్టుకొచ్చాడు. "గురువుగారూ, నూటయాభై పాటలు ఎక్కించారు, ఒక్కటీ రావట్లేదు. సెట్టు పనైపోయిందంట."

"ఎవరన్నారయ్యా?"

"సీడీ రాసిచ్చినాయనే."

నూటయాభై అనగానే నాకు సంగతి తెలిసిపోయింది. కారు దగ్గరికి వెళ్లి సెట్టు ముఖం చూశాను. కాంపాక్ట్ డిస్క్ డిజిటల్ ఆడియో గుర్తు ఉంది కానీ ఎంపీత్రీ అన్న అక్షరాలు ఎక్కడా లేవు. ఫిలిప్స్, సోనీ కంపెనీలు 1980లో ఖాయం చేసిన పద్ధతి ప్రకారం ఆడియో సీడీలో ప్రతి సెకను శబ్దాన్నీ 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లతో రాస్తారు, అదీ కుడికీ ఎడమకీ విడివిడిగా. అలా రాస్తే మామూలు డిస్కులో పట్టేది 80 నిమిషాలు. ఐదేసి నిమిషాల పాటలైతే పదహారు. ఎంపీత్రీ పాటను బాగా కుదించి పెడుతుంది కాబట్టి అదే 700 ఎంబీలో పదకొండు, పన్నెండు గంటల పాటలు పడతాయి. అయితే కుదించిన పాటను విప్పే చిప్ సెట్టులో ఉండాలి. ఆ కుర్రాడి సెట్టులో అది లేదు. అతనికి సీడీ రాసిచ్చినాయన ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు డేటా డిస్కులో పోసేశాడు.

"సెట్టు బంగారంలా ఉంది. పదహారు పాటలు ఏరుకో, ఆడియో సీడీ రాసిస్తా" అన్నాను. ఏరడం మొదలుపెట్టాక తేలింది అదెంత కష్టమో. తెల్లవారుజామున బండి కదిలేటప్పుడు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం లేకపోతే ఎక్కినవాళ్లు ఒప్పుకోరన్నాడు. అదొక్కటే ఇరవై నిమిషాలు. తర్వాత అన్నమయ్య కీర్తనలు, మధ్యలో ఘంటసాల. తిరుగు ప్రయాణంలో పిల్లలు సినిమా పాటలు అడుగుతారు. చివరికి పోయేటప్పటికి ఒకటి, వచ్చేటప్పటికి ఒకటి అని విడదీసుకున్నాం. రాయడం కంటే ఏరడానికే ఎక్కువసేపు పట్టింది. బండి స్టార్ట్ చేసి మొదటి డిస్కు లోపలికి తోయగానే పాట వచ్చింది. కొత్త సెట్టుకని తెచ్చుకున్న డబ్బు జేబులోనే పెట్టుకుని వెళ్లాడు.

ఎవరి సీడీ అయినా చేతికి రాగానే నేను సెట్టులో పెట్టను. ముందు ట్యూబ్‌లైట్ కింద వంచి, మెరిసే వైపు చూస్తాను. రాత లోపలి అంచు దగ్గర మొదలై బయటికి పోతుంది. రాసినంత మేర ఒక ఛాయ, రాయని చోట ఇంకో ఛాయ. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చూస్తే ఎంత రాశారో తెలుస్తుంది. ఆ గీతలు రెండో మూడో కనిపిస్తే విడతలు విడతలుగా రాశారని అర్థం. ఆ తర్వాత డిస్కును లైటుకు అడ్డంగా ఎత్తి చూస్తాను. సూదిమొనంత చుక్కల్లోంచి వెలుతురు వస్తోందంటే అక్కడ పూత లేచిపోయినట్టే. జనం మెరిసే అడుగును అపురూపంగా చూసుకుంటారు, పేరు రాసే పైవైపును బల్ల మీద ఈడుస్తారు. పాట ఉన్నది ఆ పైవైపునే, పలచటి వార్నిష్ కింద. అడుగు నుంచి దానికి ఒక మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ అడ్డం ఉంది, ఆ ప్లాస్టిక్ మీద చిన్న చిన్న గీతలు పడినా సెట్టు నెట్టుకొస్తుంది. పైన బాల్‌పెన్నుతో ఒత్తి పేరు రాస్తే మాత్రం దాని కింది పాటకు దెబ్బే. మెత్తటి మార్కరే వాడాలి.

విడతలు కనిపించిన డిస్కు చాలాసార్లు మూయని డిస్కు అయ్యుండేది. డిస్కు లోపలికి వెళ్లగానే సెట్టు ముందు లోపలి అంచున ఉండే పట్టికను వెతుకుతుంది. ఎన్ని పాటలున్నాయి, ఏది ఎక్కడ మొదలవుతుంది అన్నది అక్కడ ఉంటుంది. రాయడం అయ్యాక ఫైనలైజ్ చేస్తేనే ఆ పట్టిక పడుతుంది. ఇంకా చోటుంది కదా, ఇంకో నాలుగు పాటలు తర్వాత ఎక్కిద్దాం అని తెరిచి ఉంచిన ఆడియో సీడీని రైటర్ డ్రైవ్ చదువుతుంది. కారు సెట్టు పట్టిక దొరక్క బయటికి నెట్టేస్తుంది. సీడీ రాసే నీరో సాఫ్ట్‌వేర్‌లో డిస్క్-ఎట్-వన్స్ ఎంచుకుంటే మొత్తం ఒకే దఫాలో రాసి మూసేస్తుంది. నేను మరో పద్ధతి వాడలేదు.

విండోస్ విస్టా, ఆ తర్వాత 7 వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. ఖాళీ సీడీ పెట్టగానే దీన్ని పెన్‌డ్రైవ్‌లా వాడతావా, సీడీ ప్లేయర్‌లో పెడతావా అని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ అంటే తేలిక కదా అని జనం అదే నొక్కేవాళ్లు. అలా రాసిన డిస్కు అమరిక వేరు, ఎంపీత్రీ చదివే కారు సెట్లు కూడా దాన్ని గుర్తుపట్టవు. రెండోది నొక్కితే సరిపోయేది. ఫైలు పేరు చివర ఎంపీత్రీ అని మార్చేస్తే పాట ఎంపీత్రీ అయిపోతుందనుకునేవాళ్లూ ఉండేవారు. లోపల ఉన్నది డబ్ల్యూఎంఏ అనే వేరే రకం ఫైలైతే పేరు మార్చినంత మాత్రాన సెట్టు పాడదు. తెలుగు లిపిలో పేర్లు పెడితే తెర మీద గళ్లో ప్రశ్నార్థకాలో కనిపించేవి, పాట మాత్రం వచ్చేది.

సీడీ రాసే స్పీడు గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. డబ్బా మీద 52 అని ఉన్నంత మాత్రాన 52తో రాయాలని లేదు. ఆ స్పీడులో డిస్కు నిమిషానికి పదివేల చుట్ల దాకా తిరుగుతుంది. చవక డిస్కులో ఏ కొంచెం వంకర ఉన్నా బయటి అంచుకు వచ్చేసరికి రాత చెదురుతుంది. మొదటి పది పాటలు బాగుండి చివరి రెండు ఎగిరెగిరి పడుతున్నాయంటే నేను మొదట అడిగేది ఎంత స్పీడులో రాశారనే. 16 దగ్గర రాస్తే నాకు నమ్మకంగా ఉండేది. మరీ 1, 2 దాకా దించడమూ మంచిది కాదు, ఎక్కువ స్పీడుకని తయారుచేసిన రంగుకు అది పడదు.

ఇక మా ఊరి ఎండ. రోహిణి కార్తెలో అద్దాలు బిగించి ఎండలో వదిలేసిన కారులో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. అక్కడ పడేసిన సీడీ కొన్నాళ్లకు వంగుతుంది, రంగు వెలుస్తుంది. అంతకన్నా ప్రమాదం కాగితం స్టిక్కర్. దేవుడి బొమ్మ ముద్రించి డిస్కు మీద అతికించేవాళ్లు. వేడికి జిగురు కరిగి కాగితం అంచు లేస్తుంది, డిస్కును లోపలికి లాగే రబ్బరు రోలర్‌కు చుట్టుకుంటుంది. అలాంటి సెట్టు వస్తే పైరేకు విప్పి, రోలర్‌ను చేత్తో వెనక్కి తిప్పుతూ డిస్కును నూలుపోగంత నూలుపోగంత జరపాలి. తొందరపడి ప్లయర్‌తో లాగితే పక్కనే సన్నటి తీగల మీద వేలాడే లెన్సు పోతుంది. జిగురంతా స్పిరిట్‌తో తుడిచి, రోలర్ ఆరాకే మూత వేయాలి.

గతుకుల్లో పాట ఎగురుతోందని వచ్చిన బండిలో డిస్కుకంటే ముందు బిగింపు చూసేవాణ్ణి. సెట్టు వెనక ఒక బోల్టు ఉంటుంది, దానికి పట్టీ వేసి బండి బాడీకి బిగించాలి. తొందర్లో చాలామంది అది వదిలేస్తారు. ముందు ఫ్రేము ఒక్కటే బరువంతా మోస్తూ గోతి వచ్చినప్పుడల్లా ఊగుతుంది. పట్టీ వేయగానే పాట కుదురుకునేది.

ఇప్పుడు కొత్త కార్లలో సీడీ పెట్టే సందే లేదు. మన దేశంలో ఖాళీ సీడీలు చేసిన పెద్ద కంపెనీ మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లు పాత సీడీల సంచీతో వస్తున్నారు. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇమ్మంటారు. కొన్నింట్లో నాన్నగారు పాడిన పద్యాలుంటాయి, పెళ్లి నాదస్వరం ఉంటుంది, ఇంకెక్కడా దొరకనివి. ఇవి ఎంత త్వరగా ఎక్కిస్తే అంత మంచిది, రంగు వెలిసిపోతూనే ఉంటుంది. ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకో కంపెనీ డ్రైవ్‌లో పెట్టి చూస్తాను, వేగం తగ్గించి చదివిస్తాను. అప్పటికీ లొంగకపోతే పాత కారు సెట్టు ఒకటి బల్ల మీద 12 వోల్టుల సప్లైకి కలిపి ఉంచుకున్నాను, దాంట్లో పెడతాను. కంప్యూటర్ వదిలేసిన ఆడియో సీడీ ఒక్కోసారి అందులో పాడుతుంది, అలా పాడుతుండగానే రికార్డు చేసుకుంటాను. పెన్‌డ్రైవ్ ఇచ్చే ముందు ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, వాళ్ల కారులోనే పెట్టి పాడించి చూపిస్తాను.