గార్డెల్ చేతిలో సిగరెట్టు

రాత్రికి విమానం. చేతిలో ఉన్నది ఒకే ఒక్క పగలు. ఊరు చూస్తే శివార్లతో కలిపి కోటికి పైగా జనం ఉన్న మహానగరం - అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్! ఏది చూడాలి, ఏది వదలాలి?

హోటల్ కుర్రాడు గుక్కతిప్పుకోకుండా జాబితా చదివాడు. ఫుట్‌బాల్ మైదానం, రంగురంగుల ఇళ్ల వీధి, రాత్రి టాంగో డాన్సు. డాన్సు టిక్కెట్టు ధర వినగానే నా జేబు బెంబేలెత్తింది. "అవన్నీ సరే, నేను సినిమా పిచ్చోణ్ణి. మీ పాతతరం స్టార్లు ఎక్కడ దొరుకుతారు?" అన్నాను. అతను నవ్వి, "శ్మశానంలో" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు!

పొద్దున్నే రికోలెటా వెళ్లాను. శ్మశానం అనగానే మన ఊరిచివరి కాడు గుర్తు తెచ్చుకోకండి. ఒక్కో సమాధీ చిన్న మేడంత. మధ్యలో వీధులు, సందులు, మలుపులు. దారి వెతుక్కోనక్కర్లేదు, జనం ఎటు పోతుంటే అటు పోవడమే. వాళ్లంతా ఆగింది ఒక నల్లరాతి సమాధి ముందు. పైన 'దువార్తే కుటుంబం' అని రాసుంది. అది ఆమె పుట్టింటి పేరు. లోపలున్నది ఎవీటా!

1919లో పుట్టిన పల్లెటూరి పిల్ల. పదిహేనేళ్లకే వేషాలు వెతుక్కుంటూ ఈ ఊరొచ్చింది. సినిమాల్లో చిన్నాచితకా పాత్రలు వేసింది, రేడియో నాటకాలతో పేరు తెచ్చుకుంది. 1945లో హువాన్ పెరోన్‌ని పెళ్లాడింది. మరుసటేడు ఆయన దేశాధ్యక్షుడయ్యాడు, ఈమె బీదాబిక్కీకి దేవతయింది. 1952లో క్యాన్సర్‌తో కన్నుమూసేనాటికి ఆమె వయసు 33. తెరమీది మనుషుల్ని జనం నెత్తిన పెట్టుకోవడం మనకేం కొత్త? 1983లో ఎన్టీఆర్‌ని ముఖ్యమంత్రిని చేసిన గడ్డ మనది!

కానీ ఆ తరవాతి కథ ఏ సినిమా రచయితకీ తట్టదు. 1955లో సైన్యం పెరోన్‌ని గద్దె దించింది. చెడకుండా భద్రపరిచిన ఎవీటా దేహాన్ని మాయం చేసింది. ఎక్కడో ఇటలీలో, మిలాన్ నగరంలో, దొంగపేరుతో పాతిపెట్టారు. 1971లో స్పెయిన్‌లో ఉంటున్న భర్తకి అప్పగించారు. 1974లో స్వదేశానికి వచ్చింది. 1976లో ఈ సమాధికి చేరింది. జనం మరిచిపోవాలని అన్ని తంటాలు పడ్డారు... నేను వెళ్లేసరికి తలుపు కంతల్లో తాజా పువ్వులు! అన్నట్టు, 1996లో మడోన్నా ఎవీటాగా వేసిన సినిమా కోసం, ఎవీటా జనానికి చెయ్యూపిన అసలు బాల్కనీలోనే షూటింగు చేశారు.

అక్కణ్ణించి నడుచుకుంటూ సాంతా ఫే రోడ్డుకొచ్చాను. అక్కడ గ్రాండ్ స్ప్లెండిడ్ అనే పాత నాటకశాల ఉంది. 1919లో కట్టారు. తరవాత సినిమా హాలయింది. 1929లో ఈ దేశం టాకీ సినిమాని మొదట చూసింది ఇక్కడే. 2000 సంవత్సరంలో పుస్తకాల షాపు చేశారు. హాలు పోయిందా అంటే పోలేదు! పైకప్పు మీద బొమ్మలు అలాగే ఉన్నాయి, బాల్కనీలు అలాగే ఉన్నాయి, స్టేజికి ఎర్ర తెర అలాగే ఉంది. కుర్చీలున్న చోట పుస్తకాల బీరువాలు, స్టేజి మీద కాఫీ హోటలు. అంతే తేడా.

కాఫీ తీసుకుని, ఒకప్పుడు బొమ్మ పడ్డ చోట కూచుని బాల్కనీవైపు చూశాను. నేల టిక్కెట్టు కొని నేను ఈలలు వేసిన మా ఊరి టాకీసు గుర్తొచ్చింది. ఇప్పుడది కల్యాణ మండపం. ప్రొజెక్టర్ గది ఉన్న చోట వంట గది. కిందటేడు ఆ మండపంలోనే ఒక పెళ్లికి భోంచేశాను. ఇది ఒకప్పుడు సినిమా హాలని పక్కన కూచున్న కుర్రాడికి చెబితే నమ్మలేదు. చూపించడానికి ఒక్క గోడైనా మిగల్లేదు మరి!

కాఫీ చేదెక్కింది. లేచి, కయ్యావో స్టేషన్లో భూగర్భ రైలెక్కాను. మధ్యలో ఒకసారి మారి, చకరీతా శ్మశానం గేటు దగ్గర దిగాను.

ఇక్కడున్నది కార్లోస్ గార్డెల్. టాంగో పాటకి రారాజు, సినిమా హీరో. 1935 జూన్ 24న కొలంబియాలోని మెడిలిన్‌లో విమాన ప్రమాదంలో పోయాడు. సమాధిమీద నిలువెత్తు కంచు విగ్రహం - సూటు, బో టై, పెదవులమీద అదే నవ్వు. కుడిచేతి వేళ్లమధ్య... వెలుగుతున్న సిగరెట్టు! అభిమానులు వచ్చి వెలిగించి పెట్టి పోతారట. "గార్డెల్ రోజురోజుకీ ఇంకా బాగా పాడుతున్నాడు" అని ఈ ఊళ్లో సామెత.

మన ఘంటసాల 1974లో వెళ్లిపోయారు. ఆయన గొంతుతో తెల్లవారే ఇళ్లు ఇప్పటికీ ఎన్ని లేవు! ఆ సామెత నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

చూస్తుండగానే సిగరెట్టు కాలి ఆరిపోయింది. నాకు ఆ అలవాటు లేదు. పక్కనున్న పెద్దాయన నా మొహం చూసి, పెట్టె తీసి ఒకటి ఇచ్చాడు. ఆయనకి నా భాష రాదు, నాకు ఆయనది రాదు. ఆయనే అగ్గిపుల్ల గీశాడు. మెట్టెక్కి గార్డెల్ వేళ్లమధ్య పెట్టాను.

టాంగో డాన్సు చూడలేదు. విచారం లేదు. ఊరెళ్లగానే మాత్రం ఒక పని చెయ్యాలి. మా టాకీసు ఫొటో ఎవరి పెట్టెలోనైనా ఉందేమో ఇల్లిల్లూ అడగాలి. దొరికితే, పటం కట్టించి ఆ మండపం గుమ్మం పక్కన తగిలిస్తాను.