లామెదు క్రింది చుక్క

మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు ధర్మశాస్త్రమును గూర్చి పలికిన చోట, మన తెలుగు బైబిలునందు పొల్లు, సున్న అను మాటలున్నవి. గ్రీకు మూలములో ఉన్నది అయోటా అను అక్షరము. హెబ్రీలో దానికి సరియైనది మిక్కిలి చిన్నదైన యోద్. మన తర్జుమాదారులు మన పలకమీది గురుతులనే తీసికొనిరి. పొల్లు మరచి పంతులుగారి దెబ్బ తిన్నవారికి ఆ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

మా సంఘపు పాఠములను కంప్యూటరులో కూర్చు పని నాది. ఒకసారి యెరూషలేము పేరును హెబ్రీలో కూర్చవలసివచ్చెను. హెబ్రీ అక్షరములు 22. 119వ కీర్తన భాగములపై ఆలెఫ్, బేత్ అని మీరు చూచునవే. అవన్నియు హల్లులు. అచ్చులను తెలుపు చుక్కలను, గీతలను మాసోరా పండితులు తరువాతి కాలమున చేర్చిరి. ఈ పేరును యెరూషాలయిమ్ అని చదువుదురు గాని, వ్రాతలో అతి కొద్ది చోట్ల తప్ప ఆ "య"కు తగిన యోద్ లేదు. ఒక్క అక్షరమైనను కలుపుటకు ఆ పండితులు ఒప్పుకొనలేదు. లామెదు అను ఒకే అక్షరము క్రింద అకారపు గీతను, దాని వెంట ఇకారపు చుక్కను ఇరికించిరి.

లోకములోని లిపులకు సంఖ్యలిచ్చు యూనికోడు పట్టికలో ఆ చుక్కకు వరుస సంఖ్య 14, ఆ గీతకు 17. కొన్ని ప్రోగ్రాములు చిన్న సంఖ్యను ముందుకు జరుపును. అంతట పరిశుద్ధ పట్టణపు పేరే తారుమారగును! ఆ సంఖ్యలను మార్చరాదు. మార్చినయెడల మునుపు దాచిన పాఠములకు చిక్కు వచ్చును. కాబట్టి రెంటి నడుమ కంటికి కనబడని గురుతొకటి పెట్టుదురు. అచ్చులో దాని జాడ ఉండదు, అయినను వరుస నిలుచును. కెనడాలోని టైరో టైప్‌వర్క్స్ వారు బైబిలు పండితుల సమాజము కొరకు చేసిన ఎస్‌బిఎల్ హీబ్రూ ఫాంటు ఈ గురుతును ఎరుగును. అన్ని ఫాంట్లును ఎరుగవు. కొన్నిటిలో చుక్కయు గీతయు ఒకదానిమీద ఒకటి పడును.

"మన ఊరిలో హెబ్రీ ఎవరికి వచ్చునండి? చుక్క అటైననేమి, ఇటైననేమి?" అని మా సంఘ పెద్ద యొకరు అడిగిరి. కార్డులో తన పేరులోని సున్న ఎగిరిపోయినందున మూడు మారులు కార్యాలయము చుట్టు తిరిగినది ఆయనయే.

"మీ సున్న మాట ఏమండీ?" అంటిని.

ఆయన నవ్వి, కళ్లద్దములు పెట్టుకొని, ప్రూఫులో లామెదు క్రింది గురుతులను వ్రేలితో లెక్కపెట్టిరి. రెండును ఉన్నవి. అంతట సంతకము చేసిరి.